ప్రజల పక్షపు న్యాయవాది: లూయీ బ్రాండైస్

గణిత తరగతిలో వడ్డీ లెక్కలను, వాటాల లెక్కలను చెప్పుచున్నప్పుడు, పరీక్ష గడచిన పిమ్మట నివి యెందులకు పనికివచ్చునని విద్యార్థులు మమ్ము తఱచుగా నడుగుచుందురు. న్యాయవాదులు కావలెనని కోరువారు తమకు వలసినది వాగ్ధాటియే కాని గణితము కాదని తలంతురు. ఈ రెండు తలంపులకును సమాధానముగా మేమీ సంవత్సరము ఒక న్యాయవాది జీవితమును చదువరుల ముందుంచుచున్నాము. ఆయన పేరు లూయీ డెంబిట్జ్ బ్రాండైస్. అమెరికా దేశమునందు రైలు కంపెనీలును, గ్యాసు కంపెనీలును, జీవిత భీమా కంపెనీలును చిన్న రాజ్యములవలె పెరిగి, శాసనసభలను గూడ తమ మాటకు లోబఱచుకొనుచున్న కాలమున, ఆయన సామాన్య జనుల పక్షమున నిలిచి వాదించెను. ఆయన చేతిలోని ముఖ్యమైన యాయుధము ఆ కంపెనీల లెక్కల పుస్తకమే.

బ్రాండైస్ 1856వ సంవత్సరము నవంబరు 13వ తేదీన కెంటకీ రాష్ట్రములోని లూయీవిల్ పట్టణమున జన్మించెను. తండ్రి ఆడాల్ఫ్, తల్లి ఫ్రెడెరికా. వీరు యూదులు. యూరోపు ఖండములోని ప్రేగ్ నగరము వీరి స్వస్థలము. 1848లో ఆ దేశములందు స్వేచ్ఛకొఱకు జరిగిన విప్లవము విఫలము కాగా, ఈ కుటుంబములు సముద్రము దాటి యమెరికా చేరెను. తండ్రి ధాన్యపు వ్యాపారము చేసి యభివృద్ధికి వచ్చెను. కెంటకీ రాష్ట్రమున నప్పుడు బానిసత్వము చట్టసమ్మతమై యుండెను. కాని యీ కుటుంబమువారు దానిని అసహ్యించుకొనిరి. అంతర్యుద్ధము జరుగుచున్న దినములలో తల్లి యుత్తర సైనికులకు భోజనమును కాఫీని గొనిపోవుట ఆ బాలుని తొలి జ్ఞాపకములలో నొకటి. మేనమామ లూయిస్ డెంబిట్జ్ గొప్ప న్యాయవాది. 1860లో అబ్రహాము లింకనును అధ్యక్ష పదవికి ప్రతిపాదించిన సభలో ఆయనయు నొక ప్రతినిధి. ఈ మేనమామ యెడల గల భక్తిచేత బాలుడు తన రెండవ పేరైన డేవిడ్ అనుదానిని విడిచి డెంబిట్జ్ అను పేరు ధరించెను. న్యాయవాద వృత్తియందలి మక్కువయు ఆయనను చూచియే కలిగెను.

1872లో వ్యాపారము మందగించుటచే కుటుంబమంతయు కొంతకాలము యూరోపునకు పోయెను. బ్రాండైస్ జర్మనీ దేశములోని డ్రెస్డెన్ నగరమందొక పాఠశాలలో చదివెను. అచ్చటి క్రమశిక్షణ మిక్కిలి కఠినమైనది. విడివిడి విషయములను జాగ్రత్తగా కూర్చుకొని, వానినుండి క్రొత్త యభిప్రాయమును తేల్చు పద్ధతి యాయనకు అక్కడ నలవడెను. 1875లో కళాశాల పట్టము లేకుండగనే హార్వర్డు న్యాయకళాశాలలో చేరెను. అచ్చట నుండగా దీపపు వెలుగున నధికముగా చదువుటవలన కన్నులు చెడెను. చదువు మానుమని వైద్యులు చెప్పిరి. కాని యాయన మానలేదు. తోడి విద్యార్థులచేత పాఠములను బిగ్గరగా చదివించుకొని, విన్నదానిని మనస్సున నిలుపుకొనెను. 1877లో తరగతియందెల్ల మొదటివాడుగా నుత్తీర్ణుడయ్యెను. అప్పటికాయనకు 20 ఏండ్లు మాత్రమే. 21 ఏండ్లు నిండనివారికి పట్టమీయరాదని నియమముండగా, కళాశాల యధికారులు ఆయన విషయమున నా నియమమును సడలించి పట్టమిచ్చిరి. కన్నుల దోషమును సాకుగా చెప్పుకొని చదువు విడుచువారు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను.

కొలది నెలలు సెయింట్ లూయీ నగరమున పనిచేసిన పిమ్మట, 1879లో తన సహాధ్యాయియైన శామ్యూల్ వారెనుతో కలిసి బోస్టన్ నగరమున న్యాయవాద కార్యాలయమును స్థాపించెను. 1890లో ఈ యిద్దఱును కలిసి మనుష్యుని యేకాంత హక్కునుగూర్చి ప్రకటించిన వ్యాసము న్యాయశాస్త్ర గ్రంథములలో సుప్రసిద్ధమైనది. 1891లో న్యూయార్కు నివాసినియైన ఆలిస్ గోల్డ్‌మార్కును వివాహమాడెను. వారికి సుశాన్, ఎలిజబెత్ అను నిద్దఱు కుమార్తెలు కలిగిరి. వృత్తియందు బ్రాండైస్ అచిరకాలముననే ప్రసిద్ధికెక్కెను. కాగితముల వర్తకుడు వచ్చిన కాగితములనుగూర్చియు, చెప్పుల వర్తకుడు వచ్చిన చెప్పులనుగూర్చియు, కక్షిదారునికంటె నెక్కువగా నేర్చుకొనిన పిదపనే యాయన సలహా చెప్పెడివాడు. ఇట్లు పనిచేయువానిని వర్తకులు వెదకికొని వచ్చిరి. 1907 నాటికి ఆయన స్వార్జితమే 10 లక్షల డాలర్లు దాటెను.

అంత ధనమును ఆర్జించినను భార్యాభర్తల జీవనము మాత్రము మిక్కిలి నిరాడంబరముగా నుండెను. ఇల్లు చిన్నది, సామాను స్వల్పము, భోజనము సాదాది. ఇది పిసినారితనము కాదు. అక్కఱలు తక్కువగా నున్నవాడు ఎవరికిని లొంగనక్కఱలేదని వారిద్దఱును తలచిరి. ఈ తలంపునుండియే బ్రాండైస్ జీవితములోని ముఖ్యమైన నియమము పుట్టెను. ప్రజల కార్యము దేనికిని ఆయన ఫీజు పుచ్చుకొనలేదు. అంతేకాదు, ప్రజాకార్యములకు వినియోగించిన గంటలవలన తన భాగస్వాములకు నష్టము కలుగకుండ, ఆ కాలమునకు వెల కట్టి తన సొంత ధనమునుండి కార్యాలయమునకు చెల్లించెను. ధనమిచ్చువాడు లేనిచో ఇట్లు చెప్పుమని ఆజ్ఞాపించువాడును లేడు. ఈ స్వేచ్ఛయే ఆయన బలము.

మొదట బోస్టన్ నగరపు ట్రాముబండ్ల కంపెనీ వీధులను చిరకాలము తన వశముననే యుంచుకొన యత్నింపగా దాని నెదిరించెను. పిమ్మట గ్యాసు వివాదము వచ్చెను. ఆ దినములలో బోస్టన్ ప్రజలు దీపములకును వంటకును గ్యాసును వాడుచుండిరి. నగరమందలి గ్యాసు కంపెనీలన్నియు నొకటిగా కలియ దలచి, నిజముగా పెట్టిన మూలధనముకంటె మిక్కిలి యెక్కువ సొమ్మును కాగితముమీద చూప బూనెను. ఇందులో ప్రజలకేమి నష్టమని కొందఱికి తోచవచ్చును. కాగితముమీద మూలధనము పెరిగినకొలది దానిపై లాభభాగము పంచవలెను. ఆ లాభభాగము పేదల యిండ్లలోని గ్యాసు ధరనుండియే రావలెను. బ్రాండైస్ ఈ సంగతిని లెక్కలతో విడమఱచి చూపగా, 1905లో శాసనసభ మూలధనమును సుమారు 1 కోటి 50 లక్షల డాలర్లకు పరిమితము చేసెను.

ఇంతటితో ఆయన స్నేహితులు తృప్తినొంది, ఇక ధరను బలవంతముగా తగ్గింపుమని కోరవలెననిరి. బ్రాండైస్ వేఱుమార్గము చూపెను. వేయి ఘనపుటడుగుల గ్యాసునకు 90 సెంట్లు ధర, వాటాదారులకు నూటికి 7 వంతుల లాభభాగము అని మొదట నిర్ణయింపవలెను. కంపెనీ ధరను 5 సెంట్లు తగ్గించినప్పుడెల్ల నూటికి 1 వంతు లాభభాగము పెంచుకొనవచ్చును. 1906లో నిది చట్టమయ్యెను. కంపెనీ వృథా వ్యయమును తగ్గించుకొనగా, 1907 నాటికి ధర 80 సెంట్లకు దిగెను, లాభభాగము నూటికి 9 వంతులకు పెరిగెను. ప్రజలకును వాటాదారులకును మేలు కలిగెను. కంపెనీని చంపుట ఆయన యుద్దేశము కాదు. దాని స్వార్థమును ప్రజల ప్రయోజనముతో నొకే కాడికి కట్టుటయే యుద్దేశము. విద్యార్థులు ఈ లెక్కను తమ పలకలమీద వేసి చూచుకొనవచ్చును.

1905లోనే న్యూయార్కు నగరమందలి ఈక్విటబుల్ అను గొప్ప జీవిత భీమా కంపెనీ యధికారులలో కలహము పుట్టి, గుట్టు బయటపడెను. పాలసీదారులు కూడబెట్టిన సొమ్మును కొందఱధికారులు తమ సొంత సొమ్మువలె వాడుకొనుచుండిరి. న్యూ ఇంగ్లండు ప్రాంతపు పాలసీదారులు తమ రక్షణార్థము ఒక సంఘముగా నేర్పడి, బ్రాండైసును న్యాయవాదిగా నుండుమని కోరిరి. ఫీజు తీసికొనననియెడు నిబంధనమీద ఆయన యంగీకరించెను. ఒక కంపెనీ దోషమును వెదకుటకు ప్రారంభించినవాడు జీవిత భీమా వ్యాపారమునంతయు పరిశీలించెను. అప్పుడొక సంగతి యాయన మనస్సును కలచివేసెను. అది కూలివాండ్ర భీమా.

ఈ భీమా యెట్టిదో వివరింతుము. నెలజీతము లేని కార్మికుడు సంవత్సరపు ప్రీమియము నొక్కసారిగా చెల్లించలేడు. కావున కంపెనీ యేజెంటు ప్రతివారమును ఇంటింటికి తిరిగి కొలది సెంట్లు వసూలు చేయుచుండెను. భర్త చనిపోయినచో నుత్తరక్రియలకైన సొమ్ముండునని భార్యలు పిల్లల నోటి కూటినుండి మిగిల్చి ఆ సెంట్లను చెల్లించుచుండిరి. జబ్బు చేసియో పని పోయియో కొన్ని వారములు చెల్లింపనిచో పాలసీ రద్దగును; అంతవరకు కట్టినది పోవును. ఏజెంట్ల కమీషనులకును, కార్యాలయ వ్యయములకును ప్రీమియములలో గొప్ప భాగము ఖర్చగుచుండెను. 1905తో ముగిసిన 15 సంవత్సరములలో మసాచుసెట్స్ రాష్ట్రపు కార్మికులు ఈ భీమాకు సుమారు 6 కోట్ల 12 లక్షల డాలర్లు చెల్లించిరి. వారికి తిరిగి వచ్చినది సుమారు 2 కోట్ల 18 లక్షలు మాత్రమే. ఈ రెండు సంఖ్యలను బ్రాండైస్ ప్రక్క ప్రక్కన వ్రాసి పత్రికలో ప్రకటించెను. ఎట్టి యుపన్యాసమును ఆ రెండు సంఖ్యలకు సాటిరాదు.

ఇచ్చట మఱియొక న్యాయవాది యేమి చేయునో యోచింపుడు. వేలకొలది పాలసీదారుల పక్షమున నొక వ్యాజ్యము వేసి, నష్టపరిహారము రాబట్టి, అందులో తన వంతు తీసికొనును. అట్టి వ్యాజ్యములు తప్పని మేము చెప్పము. ఒక్కొక్కనికి జరిగిన నష్టము స్వల్పమైనప్పుడు పలువురు నొకటిగా కలిసి న్యాయము కోరుట తగినదే. 1938లో అమెరికా సంయుక్త న్యాయస్థానములకేర్పడిన నియమములలో నట్టి సమష్టి వ్యాజ్యములకు స్థానము కలిగెను; 1966లో నా నియమము విస్తరింపబడెను. కాని బ్రాండైస్ యోచన వేఱు. పోయిన సొమ్మును తెచ్చి యిచ్చినను, వచ్చు వారము ఏజెంటు మరల ఆ గుమ్మముననే నిలుచును. కావున ఆ పేదవానికి మంచి భీమా నిచ్చు క్రొత్త యేర్పాటొకటి కావలెను.

మసాచుసెట్స్ రాష్ట్రమున పొదుపు బ్యాంకులు చిరకాలమునుండి నమ్మకముగా పనిచేయుచుండెను. వాని ధర్మకర్తలు లాభాపేక్ష లేనివారు. ఈ బ్యాంకులే స్వల్ప మొత్తములకు జీవిత భీమాను అమ్మవలెనని బ్రాండైస్ సూచించెను. ఇంటింటికి తిరుగు ఏజెంటుండడు. కావలసినవారు బ్యాంకునకు వచ్చి కొనుక్కొందురు. వ్యయము తగ్గును, ప్రీమియము తగ్గును. కంపెనీలు నవ్వినవి, ఏజెంటు బలవంతపెట్టనిదే పేదవాడు భీమా కొనడనినవి. బ్రాండైస్ కార్మిక సంఘములయెదుటను, వర్తక సభలయెదుటను, శాసనసభ్యుల యెదుటను నిలిచి నెలల తరబడి బోధించెను. 1907 జూను నెలలో చట్టమయ్యెను. 1908లో విట్‌మన్ అను చిన్న పట్టణపు పొదుపు బ్యాంకు మొట్టమొదట భీమా శాఖను తెఱచెను. పెద్ద కంపెనీలును తమ ధరలను తగ్గింపక తప్పలేదు. 1938లో న్యూయార్కు రాష్ట్రమును, 1941లో కనెక్టికట్ రాష్ట్రమును ఇట్టి చట్టములనే చేసెను. తాను చేసిన కార్యములన్నిటిలో నిదియే గొప్పదని బ్రాండైస్ కడవఱకు తలచెను.

దీనికంటె దీర్ఘమైనది న్యూహేవెన్ రైలు కంపెనీతో జరిగిన పోరాటము. ఆ కంపెనీ వెనుక జే. పి. మోర్గన్ అను మహాధనికుడుండెను. రైళ్లే కాక ట్రాములను, స్టీమర్లను గూడ కొని, న్యూ ఇంగ్లండు ప్రాంతపు ప్రయాణ సాధనముల నన్నిటిని ఒక్క చేతిలోనికి తెచ్చుకొనుట దాని సంకల్పము. 1907లో బోస్టన్ మెయిన్ రైలు కంపెనీ వాటాలను గూడ కొనెను. బ్రాండైస్ దీని నెదిరించెను. న్యూహేవెన్ వాటాలు బంగారముతో సమానమని యెల్లరును నమ్ముచుండిరి. వితంతువులును, వృద్ధులును, ధర్మసంస్థలును తమ సొమ్మును వానియందే యుంచిరి. బ్రాండైస్ ఆ కంపెనీ వేర్వేఱు ప్రభుత్వ కార్యాలయములకు పంపిన నివేదికలను తెప్పించుకొని, ఒకదానితో నొకటి సరిచూచి, సంపాదించినదానికంటె నెక్కువ లాభభాగమును పంచుచున్నదని కనుగొనెను. ఈ తీరుననే నడచినచో లాభభాగమును తగ్గింపక తప్పదని ఆ సంవత్సరాంతమున నొక చిన్న పుస్తకములో ప్రకటించెను.

అప్పుడు బోస్టన్ పెద్దమనుష్యులు ఆయనపై నిప్పులు క్రక్కిరి. పత్రికలు చాలవరకు కంపెనీ పక్షమే వహించెను. ఇంతకాలము విందులకు పిలిచినవారు పిలుచుట మానిరి. 1909లో శాసనసభ ఆ రెండు రైలు కంపెనీల కలయికకు దారి చూపు చట్టమును చేసెను. బ్రాండైస్ ఓడిపోయెను. ఓడియు తన లెక్కలను మార్చుకొనలేదు. అవి నిజమైనవి గనుక మార్చుటకేమియు లేకుండెను. తరువాతి యేండ్లలో కంపెనీ యప్పులు పెరిగెను, రైళ్ల ప్రమాదములలో ననేకులు మరణించిరి. 1913లో దాని యధ్యక్షుడు చార్లెస్ మెలెన్ పదవి విడిచెను. ఆ సంవత్సరము డిసెంబరులో, దశాబ్దములుగా తప్పక పంచుచుండిన లాభభాగమును కంపెనీ నిలిపివేసెను. 1914లో ప్రభుత్వ విచారణ సంఘము కంపెనీ లెక్కలలోని యక్రమములనన్నిటిని బయటపెట్టెను. పత్రికలను తన వైపు త్రిప్పుకొనుటకు కంపెనీ ధనము వెచ్చించినదనియు తేలెను. ఆ సంవత్సరమే బోస్టన్ మెయిన్ వాటాలను వదలుకొనుట కంపెనీ యంగీకరించెను. ఇది సంతోషింపదగిన విజయము కాదు. ఆఱేండ్ల ముందే యా సంఖ్యలను చదివియుండినచో, ఎందఱో వృద్ధుల జీవనాధారము నిలిచియుండెడిది.

లెక్కలను న్యాయస్థానమునకు గూడ తీసికొనిపోయినవాడు బ్రాండైస్. ఒరెగాన్ రాష్ట్రములో లాండ్రీలయందు స్త్రీలచేత దినమునకు 10 గంటలకు మించి పని చేయింపరాదని చట్టముండెను. దాని నతిక్రమించి 10 డాలర్ల జుల్మానా పొందిన లాండ్రీ యజమాని ముల్లర్ అనువాడు ఆ చట్టమే చెల్లదని సుప్రీంకోర్టువఱకు వెళ్లెను. 1905లో రొట్టెల కార్మికుల విషయమున నిట్టి చట్టమునే ఆ న్యాయస్థానము కొట్టివేసియుండెను. ఫ్లోరెన్స్ కెల్లీ, బ్రాండైస్ మఱదలైన జోసెఫైన్ గోల్డ్‌మార్క్ అను నిద్దఱు స్త్రీలు ఆయనను వాదింపుమని వేడిరి. 113 పుటల వాదపత్రములో శాస్త్రవిషయము సుమారు రెండు పుటలే. తక్కినదంతయు దీర్ఘకాలము పనిచేయుటవలన కలుగు రోగములనుగూర్చి వైద్యులును, కర్మాగార పరీక్షకులును, పలు దేశముల ప్రభుత్వములును వ్రాసిన నివేదికలనుండి గ్రహించిన విషయములు. వాని నన్నిటిని గ్రంథాలయములలో వెదకి కూర్చినవారు జోసెఫైనును ఆమె సహాయకులును. 1908 ఫిబ్రవరి 24వ తేదీన న్యాయమూర్తులందఱును ఏకగ్రీవముగా చట్టము చెల్లునని తీర్పిచ్చిరి. నాటినుండి ఇట్టి వాదపత్రములకు బ్రాండైస్ పేరే స్థిరపడెను.

ఈ వాదములో నొక లోపము కలదు. దానిని దాచుట మాకిష్టము లేదు. స్త్రీలు స్వభావముచేత దుర్బలులనియు, కావున వారికి రక్షణ కావలెననియు నాయన చూపెను. ఆనాటి స్త్రీలకు దానివలన విశ్రాంతి కలిగెను. కాని తరువాతి కాలమున ఆ మాటనే యాధారము చేసికొని స్త్రీలను కొన్ని యుద్యోగములకు రానీయకుండిరి. గొప్పవారి వాదము గూడ కాలము గడచినకొలది మరల పరీక్షింపదగినదే.

1910లో న్యూయార్కు నగరమున సుమారు 60,000 మంది దుస్తుల కార్మికులు సమ్మె చేయగా, బ్రాండైస్ ఇరుపక్షములవారిని ఒక బల్లకడ కూర్చుండబెట్టి సెప్టెంబరు 2వ తేదీన సంధి కుదిర్చెను. అదే కాలమున రైలు కంపెనీలు సరకుల కేవును పెంచ బూనగా, వృథా వ్యయమును మానినచో దినమునకు 10 లక్షల డాలర్లు మిగుల్చుకొనవచ్చునని విచారణ సంఘము నెదుట వాదించి, ఆ పెంపుదలను నిలిపించెను. 1912 తరువాత అధ్యక్షుడైన ఉడ్రో విల్సనునకు సలహాదారుడై, గుత్త వ్యాపారములను అరికట్టు 1914 నాటి చట్టముల రూపకల్పనలో తోడ్పడెను.

1916 జనవరి 28వ తేదీన విల్సన్ ఆయనను సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ప్రతిపాదించెను. దేశమంతట కలకలము పుట్టెను. అంతవఱకు యూదుడెవడును ఆ పీఠమెక్కలేదు. న్యాయవాద మహాసంఘమునకు పూర్వాధ్యక్షులైన యేడుగురు ఆయన తగడని వ్రాసియిచ్చిరి. వారిలో దేశమునకు మాజీ అధ్యక్షుడైన టాఫ్ట్ ఒకడు. హార్వర్డు విశ్వవిద్యాలయపు అధ్యక్షుడును, బోస్టన్ ప్రముఖులు పెక్కుమందియు వ్యతిరేకముగా సంతకములు చేసిరి. చెప్పుల యంత్రముల కంపెనీ యొకదానికి ఆయన పూర్వము న్యాయవాదిగాను, డైరెక్టరుగాను నుండి, 1906లో రాజీనామా చేసి, తరువాత దాని పద్ధతులను ఖండించెననుట వారు చేసిన యారోపణలలో ముఖ్యమైనది. ఒకప్పటి కక్షిదారుని పిమ్మట నెదిరించుట న్యాయవాదికి తగునా యనునది నిజముగా కఠినమైన ప్రశ్నయే. ఆ కంపెనీ తన యంత్రములను అద్దెకు తీసికొనినవారిని అన్ని యంత్రములకును తనపైననే యాధారపడునట్లు కట్టడి చేయుట అన్యాయమని తనకు తోచిన పిమ్మటనే యెడబాసితినని ఆయన పక్షము. ఈ విషయమున పెద్దలలో నేటికిని భేదాభిప్రాయము కలదు.

నాలుగు నెలలు విచారణ జరిగెను. ఆ కాలమున బ్రాండైస్ బహిరంగముగా నొక్క మాటయైన పలుకక, తన భాగస్వామిచేత కాగితములనన్నిటిని విచారణ సంఘమున కందజేయించెను. ఎన్నడో నడపిన వ్యాజ్యముల కాగితములు గూడ సరిగా నుండుట ఆయనకు గొప్ప సాక్ష్యమయ్యెను. హార్వర్డు పూర్వాధ్యక్షుడగు ఎలియట్ ఆయనను బలపఱచెను. న్యాయకళాశాల యుపాధ్యాయులలో నధికసంఖ్యాకులును బలపఱచిరి. జూను 1వ తేదీన సెనేటు 47 మంది యనుకూలముగను, 22 మంది ప్రతికూలముగను ఓటు చేయగా ఆ నియామకము స్థిరపడెను.

ఆయన సుమారు 23 సంవత్సరములు న్యాయమూర్తిగా నుండెను. తోడి న్యాయమూర్తియైన మాక్‌రేనాల్డ్స్ యూద ద్వేషముచేత ఆయనతో మాటాడుటయే మానెను. బ్రాండైస్ దానిని పట్టించుకొనక తన పని చేసికొనెను. 1923లో స్త్రీల కనీస కూలినిగూర్చిన వ్యాజ్యము వచ్చినప్పుడు, తన కుమార్తె ఎలిజబెత్ ఆ కూలి నిర్ణయ సంఘమున పనిచేయుచున్నదని చెప్పి, తనకు ప్రియమైన ఆ విషయమున తీర్పు చెప్పుటనుండి తొలగెను. 1928లో పోలీసువారు టెలిఫోను తీగెలద్వారా సంభాషణలను రహస్యముగా వినుటను న్యాయస్థానము సమ్మతించినపుడు, ఆయన భిన్నాభిప్రాయము వ్రాసెను. నాడది నెగ్గలేదు, 1967లో అదే న్యాయస్థానము తన పూర్వపు తీర్పును విడిచి ఆయన చూపిన దారికి వచ్చెను.

1939 ఫిబ్రవరిలో పదవినుండి విరమించి, 1941 అక్టోబరు 5వ తేదీన వాషింగ్టన్ నగరమున మరణించెను. ఆయన భస్మము లూయీవిల్ విశ్వవిద్యాలయపు న్యాయకళాశాల ముఖమండపము క్రింద నుంచబడెను. తరువాత భార్య భస్మమును అచ్చటనే చేరెను. 1948లో మసాచుసెట్స్ రాష్ట్రమున స్థాపింపబడిన యొక విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టిరి.

ఈ జీవితమునుండి మన మేమి నేర్చుకొనవలెను? పెద్ద కంపెనీల నెదిరించినవారు ప్రపంచమున పలువురు కలరు. వారిలో కొందఱు కోపముతో నెదిరించిరి, కొందఱు కీర్తికొఱకు నెదిరించిరి. బ్రాండైస్ ముందుగా చదివెను, లెక్కించెను, సరిచూచెను; తరువాతనే నోరు తెఱచెను. ఓడించిన పిదప మేలైన యేర్పాటు నొకదానిని చూపనిదే విడువలేదు. ఇవి ధనవంతులకు మాత్రమే సాధ్యమైన గుణములు కావు. ఫీజు విడుచుటకు ధనము కావలెను గాని, నివేదికను చివరివఱకు చదువుటకు ఓపిక చాలును.

తల్లిదండ్రులకు గూడ నొక విన్నపము. మన యిండ్లకు పాలసీ కాగితములు, అప్పు కాగితములు, చీటీల కాగితములు వచ్చుచుండును. చదువక సంతకము పెట్టుటయో, వ్రేలిముద్ర వేయుటయో మనకు వాడుక. ఇకమీదట అట్టి కాగితము వచ్చినపుడు, బడికి పోవు కుమారునో కుమార్తెనో ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఎంత కట్టుచున్నాము, ఎంత వచ్చును, మధ్యలో మానినచో నేమగును అని లెక్కవేయింపుడు. తరగతిలో నేర్చిన వడ్డీ లెక్క యందులకే. పరీక్ష గడచిన పిమ్మట నివి యెందులకని మమ్మడిగిన విద్యార్థులకు మా సమాధాన మిదియే.